పక్క బెంచీ పాఠం: కలిసి చదివితే మన పిల్లలకు లాభమా, నష్టమా?



పీటీఎంలో మార్కులు, హోంవర్క్, వ్యాన్ టైమింగ్స్ గురించి మాట్లాడుకోవడం అయ్యాక కొందరు పేరెంట్స్ కాస్త గొంతు తగ్గించి ఇంకో ప్రశ్న అడుగుతారు. "టీచర్ గారూ, ఫ్రీ సీట్ల పిల్లలు ఏ సెక్షన్‌లో ఉన్నారు? మా బాబు పక్కన ఎవరు కూర్చుంటున్నారు?" ఇంకొందరు అడగరు కానీ వాళ్ల మనసులో అదే ఉంటుంది.

ఈ ప్రశ్న అడిగినందుకు ఎవరినీ తప్పు పట్టాల్సిన పని లేదు. మీరు నెల జీతంలోంచి మిగిల్చి, ఒక్కోసారి చీటీ పాట ఎత్తి మరీ ఫీజు కడుతున్నారు. మీ పిల్లల చదువు ఎక్కడా దెబ్బ తినకూడదని కోరుకోవడం మీ హక్కు. కాబట్టి దీనికి నీతిబోధతో జవాబు చెప్పడం న్యాయం కాదు. మన దేశంలోనే, మన రాష్ట్రంలోనే దీని మీద పరిశోధనలు జరిగాయి. వాటిలో ఏం తేలిందో ఈ నెల మీతో పంచుకుంటాను. మనకు నచ్చే ఫలితాలూ ఉన్నాయి, నచ్చనివీ ఉన్నాయి. రెండూ చెబుతాను.

ముందుగా చట్టం ఏమంటుంది?

విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టంలోని 12(1)(సి) సెక్షన్ ప్రకారం ప్రైవేటు స్కూళ్లు తమ ప్రవేశ తరగతిలో కనీసం 25 శాతం సీట్లను చుట్టుపక్కల ఉండే బలహీన, వెనుకబడిన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు వారికి చదువు ఉచితం. దీన్ని సవాలు చేస్తూ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 12న చట్టాన్ని సమర్థించింది. ప్రభుత్వ సాయం తీసుకోని మైనారిటీ స్కూళ్లకు మాత్రం మినహాయింపు ఇచ్చింది.

"మరి వాళ్ల ఫీజు మా మీద పడుతుందా?" అని కూడా అడుగుతుంటారు. ఒక విద్యార్థి మీద ప్రభుత్వం తన బడుల్లో పెట్టే ఖర్చు, ఆ ప్రైవేటు స్కూలు ఫీజు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది ప్రభుత్వం స్కూలుకు చెల్లించాలని చట్టంలో ఉంది.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. ఇలా చేరిన పిల్లలను వేరే గదిలో గానీ, వేరే సమయంలో గానీ కూర్చోబెట్టి చదువు చెప్పకూడదని కేంద్రం రూపొందించిన నమూనా నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. యూనిఫాం, పుస్తకాలు, లైబ్రరీ, కంప్యూటర్ ల్యాబ్, ఆటలు, వేటిలోనూ తేడా చూపకూడదు. అంటే "ఆ పిల్లలు ఏ సెక్షన్?" అనే ప్రశ్నకు అన్ని సెక్షన్లలోనూ అన్నదే సరైన జవాబు.

ఢిల్లీలో ఏం జరిగింది?

చట్టం రాక ముందే, 2007లో, ఢిల్లీలో ఇలాంటి నిబంధన ఒకటి వచ్చింది. ప్రభుత్వం దగ్గర తక్కువ ధరకు స్థలం తీసుకుని కట్టిన పెద్ద ప్రైవేటు స్కూళ్లు 20 శాతం సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలన్నారు. ఇది ప్రవేశ తరగతి నుంచి మొదలైంది. దాంతో ఒకే స్కూల్లో కింది తరగతుల వారికి పేద సహాధ్యాయులు ఉన్నారు, పై తరగతుల వారికి లేరు. గౌతమ్ రావు అనే ఆర్థిక శాస్త్రవేత్త ఈ తేడాను ఆధారం చేసుకుని, 2,000 మందికి పైగా పిల్లలను పరిశీలించారు. ఆ అధ్యయనం 2019లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూ పత్రికలో వచ్చింది.

ఆయన అడిగిన ప్రశ్నలు మీరు అడిగేవే. కలిసి చదవడం వల్ల బాగా ఉన్న ఇళ్ల పిల్లల మార్కులు తగ్గాయా? ప్రవర్తన పాడైందా? మనసు ఎలా మారింది?

మార్కుల సంగతి ముందు చూద్దాం. హిందీ, లెక్కల్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. ఇంగ్లీషులో మాత్రం స్వల్పంగా తగ్గుదల కనిపించింది. నేను ఇంగ్లీషు టీచర్ని కాబట్టి ఈ ఒక్క వాక్యం మీద ఎక్కువసేపు ఆలోచించాను. ఇంట్లో ఇంగ్లీషు వినిపించని పిల్లలు క్లాసులో చేరినప్పుడు, మాట్లాడే అభ్యాసం టీచరు ప్రణాళికతో జరగాలి తప్ప దానంతట అది జరగదు. జంటలుగా కూర్చోబెట్టి మాట్లాడించడం, కథ చదివి తిరిగి చెప్పించడం లాంటివి మా పని. మీరు మమ్మల్ని "మా పాప పక్కన ఎవరు?" అని కాకుండా "మా పాపతో రోజూ ఎన్ని నిమిషాలు ఇంగ్లీషు మాట్లాడిస్తున్నారు?" అని అడగండి. ఆ ప్రశ్న వల్ల క్లాసులో అందరికీ మేలు జరుగుతుంది.

ప్రవర్తన విషయంలోనూ దాచేదేమీ లేదు. స్కూల్లో అనకూడని మాటలు అనడం కొంత పెరిగిందని తేలింది. కొట్లాటలు మాత్రం పెరగలేదు. మాటల సంగతి మీకూ తెలుసు. ఈ రోజుల్లో పిల్లలు కొత్త తిట్టు నేర్చుకోవడానికి పక్క బెంచీ దాకా వెళ్లక్కర్లేదు, చేతిలో ఫోన్ చాలు. ఎక్కడ నేర్చుకున్నా సరే, సరిదిద్దాల్సింది మనమే.

ఇక మూడో ప్రశ్న. పేద సహాధ్యాయులతో చదివిన పిల్లలు ఇతరుల కోసం సేవా కార్యక్రమాల్లో పాల్గొనడానికి ఎక్కువగా ముందుకొచ్చారు. డబ్బు పంచుకునే ఆటల్లో ఎక్కువ ఉదారంగా ఉన్నారు. తమలాంటి ఇళ్ల పిల్లలతో కూడా అలాగే ఉన్నారు, పేద పిల్లలతో మాత్రమే కాదు. అంటే వాళ్లకు అలవడింది జాలి కాదు, న్యాయం.

రిలే పరుగు పరీక్ష

ఆ అధ్యయనంలో నాకు బాగా గుర్తుండిపోయింది ఒక పరుగు పందెం. రిలేలో జట్టు సభ్యుణ్ణి ఎంచుకోమన్నారు. ఒకడు పేద ఇంటి పిల్లవాడు, వేగంగా పరిగెత్తుతాడు. ఇంకొకడు వీళ్లలాంటి ఇంటివాడే, కానీ నెమ్మది. గెలిచిన వారికి నగదు బహుమతి. జట్టుగా ఉన్నందుకు తర్వాత కొంతసేపు కలిసి గడపాలి కూడా.

బహుమతి 500 రూపాయలైనప్పుడు దాదాపు అందరూ వేగంగా పరిగెత్తే వాడినే ఎంచుకున్నారు. బహుమతి 50 రూపాయలే అయినప్పుడు మూడో వంతు మంది వరకు నెమ్మదిగా పరిగెత్తేవాణ్ణి, అంటే తమలాంటి వాణ్ణే ఎంచుకున్నారు. గెలుపు పోయినా సరే, పేద పిల్లవాడి పక్కన కూర్చోకుండా ఉంటే చాలనుకున్నారన్నమాట. అయితే అప్పటికే పేద సహాధ్యాయులతో కలిసి చదివిన వారిలో ఈ ధోరణి బాగా తగ్గింది.

దీన్ని మన పిల్లల రేపటి జీవితానికి అన్వయించి చూడండి. రేపు మీ అబ్బాయి ఒక కంపెనీలో టీమ్ లీడర్ అవుతాడు. మీ అమ్మాయి డాక్టరో, తహసీల్దారో అవుతుంది. మనిషి యాసను, చెప్పులను, ఊరిని చూసి పనికొచ్చే వాణ్ణి పక్కన పెట్టే అలవాటు ఉంటే నష్టపోయేది ఎవరు? ప్రతిభను ప్రతిభగా గుర్తించడం కూడా ఒక నైపుణ్యమే. దానికి కోచింగ్ సెంటర్లు లేవు.

ఇంకో చిన్న వివరం. కొన్ని స్కూళ్లలో పేరులోని మొదటి అక్షరాల వరసలో చదువు బృందాలు చేశారు. ఆ వరస వల్ల పేద పిల్లలతో ఒకే బృందంలో పడ్డవారిలో మార్పు ఎక్కువగా కనిపించింది. అంటే ఒకే గదిలో ఉంటే సరిపోదు. కలిసి లెక్క చేయాలి, కలిసి ప్రాజెక్టు చార్ట్ అతికించాలి. అతి పరిచయం చులకన చేస్తుందని మన పెద్దలంటారు. ఇక్కడ మాత్రం పరిచయం చులకనను పోగొట్టింది.

మన రాష్ట్రంలో ఏం తేలింది?

"ఢిల్లీ సంగతి సరే, మన దగ్గర?" అంటారా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి నాలుగేళ్ల పాటు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక పెద్ద అధ్యయనం చేశారు. 180 గ్రామాలను తీసుకుని, లాటరీ ద్వారా కొందరు ప్రభుత్వ బడి పిల్లలకు ప్రైవేటు స్కూల్లో చదివే అవకాశం ఇచ్చారు. అప్పటికే ఆ ప్రైవేటు స్కూళ్లలో చదువుతున్న పిల్లల మీద దీని ప్రభావాన్ని కూడా కొలిచారు.

కొత్తగా వచ్చిన వారి వల్ల పాత పిల్లల చదువు దెబ్బతిన్న దాఖలా కనిపించలేదు. మన భయానికి ఇది సూటి జవాబు.

ఆ అధ్యయనంలోనే ప్రైవేటు స్కూళ్ల టీచర్లంగా మేము ఆలోచించాల్సిన ఫలితం కూడా ఉంది. లాటరీలో గెలిచి ప్రైవేటుకు మారిన పిల్లలు నాలుగేళ్ల తర్వాత తెలుగు, లెక్కల్లో ప్రభుత్వ బడి పిల్లల కంటే మెరుగ్గా ఏమీ లేరు. హిందీలో మాత్రం బాగా ముందున్నారు. కాకపోతే ప్రైవేటు స్కూళ్లు తెలుగుకు, లెక్కలకు తక్కువ సమయం, తక్కువ ఖర్చు పెట్టి ఆ స్థాయికి చేర్చాయి. అంటే ప్రభుత్వ బడి నుంచో, పేద ఇంటి నుంచో వచ్చారు కాబట్టి చదువు రాదనుకోవడం తప్పు.

ముద్ర వేస్తే ఏమవుతుంది?

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. "ఫ్రీ సీటు పిల్లలు" అనే మాట మన నోట ఎంత తేలిగ్గా వస్తుందో, ఆ పిల్లల మీద అంత బరువుగా పడుతుంది.

కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే పరిశోధకులు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలతో ఒక ప్రయోగం చేశారు. 321 మంది అగ్రకులాల వారు, 321 మంది అణగారిన కులాల వారు. అందరికీ కాగితం మీద దారి వెతికే పజిల్స్ ఇచ్చారు. సరిగా చేసిన ప్రతి పజిల్‌కు డబ్బు ఇచ్చారు. ఎవరి కులం ఏమిటో బయట పెట్టనప్పుడు రెండు వర్గాల ఫలితాల్లో తేడా లేదు. అందరి ముందూ పేరు, తండ్రి పేరు, కులం చదివి వినిపించినప్పుడు అణగారిన కులాల పిల్లలు చేసిన పజిల్స్ సంఖ్య పడిపోయింది. పజిల్స్ స్థాయి మారలేదు, ఇచ్చిన సమయం తగ్గలేదు. నలుగురిలో ఒక మాట చదివి వినిపించారు, అంతే.

దిద్దే చేతికి కూడా ఈ జబ్బు ఉండొచ్చు. రేమా హన్నా, లీ లిండెన్ మన దేశంలోనే ఇంకో అధ్యయనం చేసి 2012లో ప్రచురించారు. జవాబు పత్రాల మీద వయసు, ఆడా మగా, కులం వివరాలను ఇష్టం వచ్చినట్టు మార్చి రాసి టీచర్లతో దిద్దించారు. అణగారిన కులం అని రాసి ఉన్న పేపరుకు మార్కులు కొద్దిగా తక్కువ పడ్డాయి. అమ్మాయి, అబ్బాయి అనే విషయంలో మాత్రం తేడా రాలేదు. మార్కుల తేడా చిన్నదే. కానీ ఆ చిన్న తేడా పన్నెండేళ్ల చదువులో ఎన్ని పేపర్లలో వస్తుందో లెక్క వేయండి. నేను యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దేటప్పుడు పేరున్న పేజీని వెనక్కి మడిచి పెట్టుకోవడానికి కారణం ఇదే.

అమ్మాయిలు, అబ్బాయిల సంగతి

కలుపుకుపోవడం అంటే డబ్బు, కులం మాత్రమే కాదు. ఒకే ఇంట్లో కూడా ముద్రలు ఉంటాయి. బాబును ప్రైవేటు స్కూలుకు, పాపను దగ్గరలోని సర్కారు బడికి పంపే ఇళ్లు మన చుట్టూ లేవంటారా? ఇద్దరూ ఇక్కడే చదువుతున్న ఇళ్లలో కూడా, స్కూలు నుంచి వచ్చాక అక్క గిన్నెలు సర్దుతుంటే తమ్ముడు క్రికెట్ బ్యాట్ పట్టుకుని బయటికి పోవడం మామూలే.

హరియాణాలో సోనీపత్, పానీపత్, రోహ్‌తక్, ఝజ్జర్ జిల్లాల్లోని 314 ప్రభుత్వ పాఠశాలల్లో దీని మీద ఒక అధ్యయనం జరిగింది. బ్రేక్‌థ్రూ అనే స్వచ్ఛంద సంస్థ సగానికి కొంచెం తక్కువ స్కూళ్లలో, ఏడు ఎనిమిది తరగతుల పిల్లలతో మొదలుపెట్టి రెండున్నరేళ్ల పాటు, సుమారు మూడు వారాలకోసారి 45 నిమిషాల క్లాసు నడిపింది. ఉపన్యాసాలు కావు, చర్చలు. ఇంటి పని ఎవరు చేయాలి, అమ్మాయి ఎంతవరకు చదవాలి, ఉద్యోగం చేయాలా లాంటివి. ఫలితాలు 2022లో వచ్చాయి. పాతకాలపు అభిప్రాయాల్లో 16 శాతం మేర మారాయని, కార్యక్రమం ముగిసి రెండేళ్లయ్యాక కూడా ఆ మార్పు నిలిచిందని తేలింది. అబ్బాయిలు ఇంటి పనుల్లో మునుపటి కంటే ఎక్కువ సాయం చేస్తున్నట్టు చెప్పారు.

కానీ అభిప్రాయాలు మారిన అమ్మాయిల్లో నడవడిక అంతగా మారలేదు. ఎందుకని? అబ్బాయి చీపురు పట్టుకోవాలంటే అతను అనుకుంటే చాలు. అమ్మాయి సాయంత్రం ఆటకు వెళ్లాలన్నా, దూరంలో ఉన్న కాలేజీలో చేరాలన్నా ఇంట్లో వాళ్లు ఒప్పుకోవాలి. బడి ఆలోచనను ఇవ్వగలదు. దారి ఇచ్చేది ఇల్లే.

మన ఉమ్మడి రాష్ట్రంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల మీద మురళీధరన్, కేతకి సేఠ్ చేసిన ఇంకో అధ్యయనంలో, టీచరు మహిళ అయినప్పుడు అమ్మాయిలు మెరుగ్గా నేర్చుకుంటున్నారని, దానివల్ల అబ్బాయిలకు నష్టమేమీ జరగలేదని తేలింది. ఈ అధ్యయనాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. ఒకరికి చోటిస్తే ఇంకొకరి చోటు తగ్గుతుందని మనం భయపడతాం. లెక్కలు తీసి చూస్తే చాలాసార్లు అలా జరగడం లేదు.

ఇంట్లో మీరు చేయగలిగినవి

1. మాట మార్చండి. "ఫ్రీ సీటు పిల్లలు", "ఆ పిల్లలు" అనకుండా పేరుతో పిలవండి. మీ పాప క్లాస్‌మేట్ పేరు చెబితే, "వాళ్ల నాన్న ఏం చేస్తారు?" అని కాకుండా "తనకు ఏ ఆట ఇష్టం?" అని అడగండి. పిల్లలు మన జవాబుల కంటే మన ప్రశ్నల నుంచే ఎక్కువ నేర్చుకుంటారు.

2. పుట్టినరోజు గురించి ఆలోచించండి. క్లాసంతటికీ చాక్లెట్లు పంచి, ఇంటికి మాత్రం పదిమందినే పిలిస్తే ఆ పదిమంది పేర్లు మర్నాడు ఉదయానికే అందరికీ తెలిసిపోతాయి. పిలుపు చిన్నదే అయినా, ఎవరిని వదిలేశారన్నది పిల్లలు పెద్దగా గుర్తు పెట్టుకుంటారు. ఖరీదైన రిటర్న్ గిఫ్టులు వద్దు. తిరిగి ఇవ్వలేని పిల్లవాడు మరుసటి ఏడాది తన పుట్టినరోజు సంగతి చెప్పడమే మానేస్తాడు.

3. వాట్సాప్ గ్రూపులో జాగ్రత్త. చార్ట్, మోడల్ లాంటి ప్రాజెక్టుల మీద పెద్ద ఖర్చు పెట్టించమని మేము అడగం, మీరూ పోటీ పెట్టకండి. అట్టముక్క, జిగురు, పాత క్యాలెండర్‌తో చేసిన దానికీ అవే మార్కులు.

4. ఇంటి పనిని పంచండి. అబ్బాయికీ అమ్మాయికీ వారం వారం పనులు మార్చి ఇవ్వండి. ఈ వారం గిన్నెలు తను, వచ్చే వారం వాడు. అమ్మాయి ఆడుకునే సమయాన్ని కూడా టైంటేబుల్‌లో రాయండి.

5. తెలుగును చిన్నచూపు చూడకండి. ఇంగ్లీషు నేర్పించడానికే నన్ను నియమించారు, నేర్పిస్తాను. కానీ ఇంగ్లీషు రాని తల్లిని, తండ్రిని చూసి పిల్లలు నవ్వితే అక్కడికక్కడే ఆపండి. పీటీఎంలో ఎవరైనా తెలుగులో మాట్లాడటానికి మొహమాటపడుతుంటే, ముందుగా మీరే తెలుగులో మాట్లాడండి.

స్కూల్లో మేము చేయాల్సినవి

రోల్ నంబరు వరసలో బెంచీలు, నెలకోసారి జతల మార్పు, ప్రాజెక్టుకు అందరూ కలిసిన బృందాలు, ఫీజుకు సంబంధించిన మాట క్లాసులో ఎవరి ముందూ ఎత్తకపోవడం. ఇవి ప్రతి టీచరూ పాటించాల్సినవి. ఎక్కడైనా తేడా కనిపిస్తే డైరీలో రాసి పంపండి. అది ఫిర్యాదు అనుకోం, సాయం అనుకుంటాం.

సీట్ల జాబితా కోసం కాదు, మీ పాప ఈ నెల ఎవరితో కలిసి ఏం నేర్చుకుందో అడగడానికి వచ్చే పీటీఎంకు రండి. ప్రతి బిడ్డ గురించీ చెప్పడానికి నా నోట్‌బుక్‌లో ఒక పేజీ ఉంది.

మీ పిల్లల ఇంగ్లీషు టీచర్,
ప్రైమరీ విభాగం